నలభై ఏడు మీటల వైభోగం

మా పెద్దమనవడు కీబోర్డు చేయించుకుంటున్నాడు. కొనుక్కోవడం కాదండోయ్, చేయించుకోవడం. విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. ఇప్పటికే పద్దెనిమిది వేలు దాటిందట. వాళ్ళమ్మకి మాత్రం ఆరు వేలని చెప్పాడు. నాకు అసలు లెక్క ఎందుకు చెప్పాడంటే, జన్మంతా మీటలు కొట్టి బతికినవాణ్ని కదా, తాతకైతే అర్థమవుతుందని. అర్థమైంది. అందుకే ఈ సణుగుడు.

వాడి కోరికలు మూడే. కీబోర్డు చిన్నదిగా ఉండాలి. ఏ ముక్క పాడైతే ఆ ముక్క తనే విప్పి మార్చుకోగలగాలి. చూడ్డానికి ఫ్యాక్టరీ సామానులా ఉండాలి. ఈ మూడోదాన్ని ‘ఇండస్ట్రియల్ లుక్’ అంటారట. బూడిదరంగు లోహం, దాచిపెట్టని స్క్రూలు, నగిషీ లేని అంచులు. విన్నంతసేపూ విని, “ఒరే, ఇది మా రెమింగ్టన్ టైపు మిషను కాదేటిరా?” అన్నాను. వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా రోజుల్లో తాలూకాఫీసు గుమస్తా ముందు కూడా ఉండే వస్తువు, ఇప్పుడు జీతం బాగా వచ్చే కుర్రాడి సరదా ఎలా అయింది?

మా రోజుల్లో ఎస్సెస్సెల్సీ గట్టెక్కిన ప్రతివాడూ టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కేవాడు. నేను విజయనగరంలో నేర్చుకున్నాను. మూడు లాంతర్ల దగ్గర సైకిలు దిగేసరికే లోపలి టకటకలు వినిపించేవి. ఇంగ్లీషు లోయరంటే నిమిషానికి ముప్పై మాటలు, హయ్యరంటే నలభై అయిదు. పరీక్షలొస్తే మిషన్లని రిక్షాలమీద కేంద్రానికి మోసుకెళ్ళేవాళ్ళం. ఒక్కోటి పది పదిహేను కిలోలు తూగేది. రిక్షా గతుకుల్లో పడ్డప్పుడల్లా మేస్టారు గుండె పట్టుకునేవారు, మిషను మాత్రం చలించేది కాదు. కలకత్తా రెమింగ్టన్, బొంబాయి గోద్రెజ్, మద్రాసు నుంచి హాల్డా, ఫేసిట్. గోద్రెజ్ వాళ్ళు 1955లో దేశంలోనే చేసిన మొదటి టైపు మిషను తెచ్చారు. 2009లో ఆపేశారు. ఆ సంగతి 2011లో పేపర్లకెక్కి, ప్రపంచంలో ఆఖరి టైప్‌రైటర్ ఫ్యాక్టరీ మూతపడిందని ఊరూవాడా రాశారు. అది నిజం కాదు, ఇంకా చేసేవాళ్ళు వేరేచోట్ల ఉన్నారు. కానీ మా శ్రీకాకుళం కోర్టు గేటు దగ్గర చెట్టుకింద కూర్చునే జాబు టైపిస్టులం మాత్రం ఆ రోజు టీ తాగుతూ ఎవరితోనూ మాట్లాడలేదు.

సరే, కీబోర్డు చిన్నదిగా ఉండడం సంగతి చూద్దాం. మావాడి కీబోర్డులో మొత్తం నలభై ఏడు మీటలు. నాలుగు వరసలు, పన్నెండు నిలువు వరసలు, స్పేస్‌బారు రెండు మీటల చోటు తీసుకుంటుంది. అంకెలకి విడిగా వరసే లేదు. ఒక మీట నొక్కిపట్టుకుంటే పైవరస అక్షరాలు అంకెలైపోతాయి, ఇంకో మీట పట్టుకుంటే బాణంగుర్తులు వస్తాయి. “దీన్ని లేయర్ అంటారు తాతా, కొత్త ఆలోచన” అన్నాడు. కొత్తదేటి! 1874లో వచ్చిన మొట్టమొదటి రెమింగ్టన్ ఒక్క పెద్దక్షరాలే కొట్టేది. 1878లో రెండో మోడల్‌కి షిఫ్టు పెట్టారు. ఒకే మీట, రెండక్షరాలు. అదే కదా లేయర్! మా పాత రెమింగ్టన్ మీద అంకె ఒకటి కూడా లేదు. చిన్న ఎల్ కొడితే అదే ఒకటి. ఆశ్చర్యార్థకం కావాలంటే పైకామా కొట్టి, బ్యాక్‌స్పేస్ కొట్టి, కిందన చుక్క పెట్టాలి. తెలుగు మిషను దగ్గరైతే ఇంకా విచిత్రం. కొన్ని మీటలు కొడితే క్యారేజీ కదలదు. వత్తు కిందన పడి, అసలక్షరం వచ్చి దాని నెత్తిన కూర్చునేదాకా బండి అక్కడే ఆగి ఉంటుంది. నలభై చిల్లర మీటలతో యాభయ్యారు అక్షరాల భాషని, గుణింతాలూ వత్తులతో సహా, జీవోల దగ్గర్నుంచి పెళ్ళిపిలుపుల దాకా కొట్టాం. ఎవరూ మమ్మల్ని ‘కాంపాక్ట్’ అని మెచ్చుకోలేదు.

నా మాట నమ్మలేదో ఏమో, వాడు జపాను ప్రొఫెసర్ ఎయిటీ వాదా పేరు ఎత్తాడు. 1996లో ఆయన ఆలోచనతో అరవై మీటల కీబోర్డు వచ్చిందట, హ్యాపీ హ్యాకింగ్ అని. పనికిరాని మీటలు తీసేస్తే చేతులు తిరగవలసిన దూరం తగ్గుతుందని ఆయన వాదన. ఆయన్ని నేను గౌరవిస్తాను. అరవైలో ఆగారు కదా.

నిలువు వరసలు తిన్నగా ఉండడం దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ వచ్చింది. మామూలు కీబోర్డు మీద వరసలు ఒకదానికింద ఒకటి కొంచెం జరిగి ఉంటాయి చూడండి. టైపు మిషనులో ప్రతి మీటకీ కిందన ఒక ఇనప కడ్డీ ఉండేది. నాలుగు వరసల కడ్డీలూ ఒకదానికొకటి తగలకుండా లోపలికి పోవాలి కాబట్టి అలా జరిపారు. ఇప్పుడు కడ్డీలు లేవు, జరుగుడు మాత్రం మిగిలిపోయింది. “అవసరం లేని వంకర నేనెందుకు మోయాలి?” అంటాడు వాడు. మాట సబబే. కానీ నా ఎడమ ఉంగరంవేలుకి ఈ వాదన చెప్పి ఒప్పించమనండి. వాడి నమూనా మీద నేను కొట్టి చూస్తే జడ్ ఉండాల్సిన చోట ఎక్స్, ఎక్స్ ఉండాల్సిన చోట సీ. ఒకటి మాత్రం మారలేదు. మీట నుంచి మీటకి ముప్పావు అంగుళం. వాడు 19.05 మిల్లీమీటర్లని దశాంశాలతో చెప్తాడు, మాకైతే అది వేలి వెడల్పు మీద వచ్చిన కొలత.

ఇక మరమ్మతు. దీని గురించి నాకు చెప్పవలసింది చాలా ఉంది.

మా మిషన్లకి ఒక మెకానిక్కు ఉండేవాడు. విజయనగరం నుంచి పాసింజరులో ఆమదాలవలసలో దిగి, అక్కణ్నుంచి అద్దె సైకిలు మీద వచ్చేవాడు. చేతిలో రేకు డబ్బా. దాంట్లో ఒక స్క్రూడ్రైవరు, స్ప్రింగులు లాగే కొక్కెం, కడ్డీలు తిన్నగా వంచే పట్కారు, పళ్ళు తోముకునే బ్రష్షులాంటిది, కిరసనాయిలు సీసా, కుట్టుమిషను నూనె. అంతే సామాను. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే చెవి పెట్టి, “మూడో మిషను ఎస్ ఒరుసుకుంటంది, సూసుకోలేదేటి మేస్టారూ?” అనేవాడు. ఓ అనే అక్షరం బొడ్డులో రిబ్బను నూలు పేరుకుపోయి నల్లచుక్క పడుతుంటే గుండుసూదితో తీసేవాడు. మనది సముద్రపు గాలి. కళింగపట్నం వైపు ఆఫీసుల్లో అయితే వానాకాలం పోయేసరికి స్ప్రింగులు తుప్పు రంగు తిరిగేవి. అవి విప్పి కిరసనాయిల్లో నానేసి, తుడిచి, చుక్క నూనె వేసి బిగించేవాడు. మిషను మారేది కాదు, స్ప్రింగు మారేది. ఇరవై ఏళ్ళ మిషను మీద నేను నేర్చుకున్నాను, అదే మిషను మీద నా చెల్లెలూ నేర్చుకుంది.

స్టెన్సిలు కొట్టడం ఎంతమందికి గుర్తుందో. రిబ్బను పక్కకి తప్పించి, మైనపు కాగితం మీద ఉత్త అక్షరంతో కొట్టాలి. మెత్తగా కొడితే అక్షరం తెగదు, గట్టిగా కొడితే ఓ అక్షరం గుండ్రంగా ఊడి కిందపడుతుంది. తప్పుపడితే ఎర్రటి ద్రవం పూసి, ఊది, ఆరాక మళ్ళీ కొట్టాలి. అందుకని మాకు వేలి బలం ఎంతో వేలికే తెలిసేది. మావాడు మీట కిందన వేసే స్ప్రింగు ఎన్ని గ్రాములకి లొంగాలో పట్టిక చూసి ఎంచుకుంటున్నాడు.

మధ్యలో ఒక చీకటి కాలం వచ్చింది. కంప్యూటర్లొచ్చాక రబ్బరు బుడిపెల కీబోర్డులొచ్చాయి. మీట కొడితే పిండిలో వేలు పెట్టినట్టుంటుంది, తగిలిందో లేదో తెలీదు. మూడొందలకి ఒకటి. ఒక మీట పోతే మొత్తం చెత్తబుట్టలోకి. లాప్‌టాపులు ఇంకా ఘోరం. మా చిన్నమ్మాయి లాప్‌టాప్ మీద టీ ఒలికి ఒక్క అక్షరం పలకడం మానేసింది. దుకాణంవాడు పైభాగం మొత్తం మార్చాలన్నాడు. ఒక్క అక్షరానికా అంటే, కీబోర్డుని ఒంటికి రివెట్లు కొట్టి బిగించేశారండీ, విప్పడానికుండదు అన్నాడు. నేను ఆ రివెట్ల వైపు చాలాసేపు చూశాను. విప్పడానికి వీల్లేకుండా చేసిన వస్తువుని మా మెకానిక్కు చూసి ఉంటే ఏమనేవాడో ఇక్కడ రాయడానికి బాగోదు.

అమెరికాలో 1985 నాటి ఐబీఎం మోడల్ ఎమ్ కీబోర్డులని ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటారు. లోపల స్ప్రింగు వంగి టక్కుమనే రకం. అంత గొప్పదానికీ అడుగున ప్లాస్టిక్ రివెట్లే. ఏళ్ళు గడిచి అవి విరిగిపోతుంటే జనం తొలిచి బోల్టులు వేసుకుంటున్నారట.

మన దగ్గర ఆ రోజుల్లో ఒక్క కీబోర్డు మమ్మల్ని ఆదుకుంది, టీవీఎస్ గోల్డ్. మీటల కింద జర్మనీ చెర్రీ కంపెనీ నీలం స్విచ్చులు వేసిన కీబోర్డు. డీటీపీ షాపుల్లో, బిల్లు కౌంటర్లలో అదే. పొడుగు, బరువు, చప్పుడు. టైపు మిషను నుంచి దిగినవాడికి పుట్టిల్లు గుర్తొచ్చేది. నా దాంట్లో రెండు స్విచ్చులు పోతే రేడియో బాగుచేసే కుర్రాడు కాలుతున్న ఇనుముతో పాతవి ఊడదీసి కొత్తవి అతికించాడు. మా మనవడికి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందంటే, ఆ గోల్డ్ కీబోర్డు మీదే. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని దాన్ని బాదేవాడు.

వాడు ఇప్పుడు చేయించేది ఇంకో మెట్టు పైన ఉంది, ఆ మాట చెప్పుకోవాలి. స్విచ్చులు అతకలేదు. కిందన చిన్న సాకెట్లున్నాయి. పట్కారుతో లాగితే స్విచ్చు ఊడొస్తుంది, కొత్తది నొక్కితే కూర్చుంటుంది. లోపల మెదడు లాంటి చిప్పు కూడా బోర్డుకి అతకలేదు. రాస్ప్‌బెర్రీ పికో అనే బుల్లి బోర్డు ఒకటి, 2021లో వచ్చింది, నాలుగైదు వందల్లో దొరుకుతుంది. దాన్ని పిన్నుల మీద గుచ్చాడు. రేపు అది పోతే అదొక్కటే తీసి ఇంకోటి గుచ్చుకోవడమే. నలభై ఏడు మీటలకి నలభై ఏడు తీగలు అక్కర్లేదట. నాలుగు అడ్డం, పన్నెండు నిలువు, మొత్తం పదహారు తీగలు. ఏ అడ్డం తీగ ఏ నిలువు తీగతో కలిసిందో చూసి మీట ఏదో పోల్చుకుంటుంది. ఒకేసారి మూడు నాలుగు మీటలు నొక్కితే కొట్టని అక్షరం పడకుండా ప్రతి మీటకీ ఒక డయోడు. బియ్యపుగింజంత ఉంటుంది, రూపాయో రెండో. బల్లమీద భూతద్దం పెట్టి నాకు చూపించాడు. డయోడు మీద నల్లగీత ఏ వైపుంటే కరెంటు ఆ వైపుకే పోతుంది. అన్నిటి గీతా ఒకే వైపుకి ఉందో లేదో నేను ఒక్కొక్కటే చూసి చెప్పాను. ఒకటి తిరగబడి ఉంది. ఇదీ పని అంటే.

కానీ నా బాధ వేరు. విప్పడానికి వీలైన వస్తువు ఉంటే చాలదు, విప్పేవాడు ఊళ్ళో ఉండాలి. మా కాలంలో వస్తువూ ఉంది, మనిషీ ఉన్నాడు, వాడికి పాసింజరు రైలూ ఉంది. ఇప్పుడు మావాడి కీబోర్డు పాడైతే బాగుచేయగలిగింది మావాడొక్కడే. మరమ్మతు హక్కని ప్రభుత్వం కూడా 2022లో ఒక పోర్టల్ తెరిచింది, మంచిదే. పాలకొండ రోడ్డులో సెల్లు రిపేరు కుర్రాళ్ళకి స్క్రీన్లు మార్చడం తప్ప ఇంకేటైనా నేర్పితే అంతకన్నా మంచిది. స్క్రూల దగ్గరా ఇదే గొడవ పెట్టాను. వాడు ఆరు మూలల గుంట ఉన్న బుల్లి స్క్రూలు పైదేశం నుంచి తెప్పిస్తానన్నాడు. రాజాంలో ఇనప సామాన్ల కొట్టుకెళ్ళి అడిగితే దొరికే స్క్రూ వెయ్యరా, పదేళ్ళ తర్వాత ఒకటి పోతే ఎక్కడ తెస్తావు అన్నాను. ఇందులో నేనే గెలిచాను.

ఇండస్ట్రియల్ లుక్ సంగతి చెప్తే కొందరికి కోపం రావచ్చు. మా జిల్లాల్లో ఇండస్ట్రీ అంటే నెల్లిమర్ల జనపనార మిల్లు, గరివిడి ఫెర్రో కొలిములు, ఆమదాలవలస పంచదార ఫ్యాక్టరీ. పంచదార ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది, ఎన్నికలొచ్చినప్పుడల్లా తెరుస్తామంటారు. మిల్లు షిఫ్టు కూతకి గడియారం దిద్దుకున్నవాళ్ళం మేం. ఆ లుక్కు ఇప్పుడు కుర్రాళ్ళ బల్ల మీదకొచ్చింది. పోనీలే, ఎక్కడో ఒకచోట ఉంది.

ఆ లుక్కులో భాగంగా కీబోర్డు అడుగున ఇత్తడి దిమ్మ ఒకటి పెట్టాలట. బెంగుళూరులో కోయించడానికి అడిగిన ధర విని, బూడితి ఎందుకున్నట్టురా అన్నాను. సారవకోట మండలంలో ఉంది బూడితి, కంచు ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇద్దరం వెళ్ళాం. కంచరి ఒకాయన వాడు గీసిన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. “దేనికి బాబూ ఇది?” “బరువుకండీ.” “దేన్ని తూస్తారు?” “తూయడానికి కాదండీ, కీబోర్డు కదలకుండా, చప్పుడు బాగుండడానికి.” ఆయన నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. “బరువు కోసమే బరువన్నమాట,” అని, ఉలిమొనతో నేలమీద ఇంకోసారి గీసుకుని, మందం ఎక్కడ పెంచితే పోత పోసేటప్పుడు గాలి బుడగ నిలవదో చెప్పాడు. వాడి కంప్యూటరు బొమ్మలో లేని సంగతి అది. మావాడు అక్కడికక్కడే ఫోన్‌లో రాసుకున్నాడు. దిమ్మ వచ్చింది, కొలతకి వెంట్రుకవాసి ఎక్కువుంటే ఆకురాయితో వాడే అరగదీశాడు. నెలకోసారి చింతపండు పెట్టి తోమకపోతే నల్లబడుతుందని ఆయన చెప్పిన మాట మాత్రం రాసుకోలేదు. తోమేది వాళ్ళమ్మే.

చప్పుడు గురించి ఒక్క ముక్క. అడుగున నురుగు పరిచి చప్పుడు తగ్గిస్తారు, పైన పలక మార్చి చప్పుడు పెంచుతారు. ఏది కావాలో తేల్చుకోరు. మా ఇన్‌స్టిట్యూట్‌లో పన్నెండు మిషన్లు ఒక్కసారి పాడేవి, వరస చివర గంట మోగేది, ఆ గంటకి ఎవడూ డబ్బులు కట్టలేదు.

ఇంకొక్క సంగతి, తిత్లీ తుఫాను. 2018 అక్టోబరులో ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు నేలకరిచాయి, రోజుల తరబడి కరెంటు లేదు. కంప్యూటర్లన్నీ నోళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు అటకమీది రెమింగ్టన్ దించి, దుమ్ము ఊది, ఎండిపోయిన రిబ్బనుకి ఒక చుక్క నూనె తగిలించి పలాస వైపు చుట్టాల అర్జీలు కొట్టాను. చదవగలిగేంత నల్లగానే పడింది. మావాడి పికోకి ఎంత తక్కువ కరెంటు చాలినా, బొత్తిగా లేకుండా అయితే నడవదు కదా.

అసలు పేచీ ఇప్పుడు చెప్తాను. మీటల మీద అక్షరాలు చెక్కించే దగ్గర మొదలైంది. ఉత్త ఇంగ్లీషే వేయిస్తానన్నాడు. తెలుగు వాడికి ఫోన్‌లో ఇంగ్లీషు స్పెల్లింగు కొడితే వస్తుంది, అంతే. నేను పట్టుబట్టాను, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఅవుట్ కూడా చెక్కించాలని. మనకి లేఅవుట్ల బాధ తక్కువేం కాదు. మిషను మీద రెమింగ్టన్, డీటీపీకొచ్చాక అను సాఫ్ట్‌వేర్‌లో యాపిల్, మాడ్యులర్, షాపు మారితే వేళ్ళు మళ్ళీ అ ఆలు దిద్దుకోవాలి. ప్రభుత్వం 1986లో ఇన్‌స్క్రిప్ట్ తెచ్చి, 1988లో సవరించింది. అచ్చుల గుర్తులు ఎడంచేతికి, హల్లులు కుడిచేతికి. హిందీ అయినా ఒరియా అయినా తెలుగైనా క ఉండే మీట ఒకటే, కుడి నడివేలి కిందది. పర్లాకిమిడి ఒక పక్క, శ్రీకాకుళం ఒక పక్క ఉన్న మాకు ఇంతకన్నా ఏం కావాలి? శ్రీకాకుళం అని కొట్టి చూపించాను. శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న. పది దెబ్బలు, అందులో రెంటికి షిఫ్టు. విజయనగరం ఎనిమిది దెబ్బల్లో అయిపోతుంది, షిఫ్టే అక్కర్లేదు. అందుకే వాళ్ళకి కొంచెం టెక్కు.

వాడు సరేనన్నాడు. ఇద్దరం కాగితం మీద నలభై ఏడు గళ్ళు గీసి నింపుకుంటూ వచ్చాం. పైవరస చివరికొచ్చేసరికి ఆగిపోయాం. ఇన్‌స్క్రిప్ట్‌లో డ అన్నది ‘పీ’ మీట పక్కన, చదరపు బ్రాకెట్టు మీట మీద ఉంటుంది. వాడి బుల్లి కీబోర్డులో ఆ మీటే లేదు. పీ తర్వాత నేరుగా బ్యాక్‌స్పేస్. డ లేదు, షిఫ్టు కొడితే వచ్చే ఢ కూడా లేదు. కొడుకు పడడు, మనవడు పడడు, గుంటడు పడడు, వాడు వీడు ఎవడూ పడడు. కోడికూర, గోడ, గొడుగు, బూడితి ఇత్తడి అన్నీ పోయాయి. మా శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ కూడా పోయింది.

“లేయర్‌లో పెట్టేద్దాం తాతా, రెండు మీటలు కలిపి నొక్కితే వస్తుంది” అన్నాడు. మాటకొక డ వచ్చే భాషకి రెండేసి మీటలా? పైవరస మొదట ఎడమ చివర ట్యాబ్ అని ఒకటి ఊరికే కూర్చుంది, దాన్ని లేయర్‌లోకి తోసి డకి ఆ చోటియ్యి అన్నాను. ట్యాబ్ లేకపోతే కోడ్ రాయడం కష్టమంటాడు. డ లేకపోతే ఉత్తరం రాయడం కష్టమని నేనంటాను. వాళ్ళమ్మ మధ్యలో వచ్చి, ఆరు వేల కీబోర్డుకి ఇంత పంచాయితీ ఏటని కసిరింది. ఇద్దరం నోరు మూసుకున్నాం. మీటల మీద లేజరు చెక్కుడు ఆర్డరు మాత్రం ఇంకా పంపలేదు. నేనైతే తగ్గను.